‘స’ అంటే సహజం

ఆ రోజు పొద్దున భూతద్దంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, ఒక పని చేయకుండా తిరిగి రావాలి. లోకంలో ఎంతోమంది ఉద్యోగులు రోజూ అవలీలగా చేసే పనే. ఆయనకు మాత్రం ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇదే మొదటి ప్రయత్నం. అనుభవం లేకపోవడం వల్ల బెడిసికొట్టింది.

ఆయన రత్న పరీక్ష కేంద్రంలో సీనియర్ పరీక్షకుడు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది, బయట అందరికీ భూతద్దంగారే. జేబులో ఎప్పుడూ ఒక మడత భూతద్దం ఉంటుంది. దానితో రాళ్ళనే కాదు, వంకాయలనూ, కరెంటు బిల్లునూ, మందు సీసా మీద తేదీనీ కూడా చూస్తారు. రాయి విషయంలో ఆయన నోట అబద్ధం రాదని అందరూ ఒప్పుకుంటారు. మిగతా విషయాల్లో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు కాబట్టి ఆ సంగతి తెలియదు.

"ఇదిగోండి," అంటూ భార్య ఆయన ముందు మాత్రల డబ్బా పెట్టింది. వారానికి ఏడు గదులున్న ప్లాస్టిక్ డబ్బా అది. "సోమవారంలో నా ఉంగరం. మంగళవారంలో అక్కది. బుధవారం నుంచి మీ బీపీ బిళ్ళలు. కంగారులో మంగళవారం మింగేసేరు."

"ఇవాళే కావాలా?"

"సాయంత్రం ఆరింటికి అక్కావాళ్ళింటికి వెళ్తున్నాం కదా. అప్పటికి రెండింటి కాగితాలూ చేతిలో ఉండాలి. వీలైతే నేనే మధ్యాహ్నం మీ ఆఫీసుకొచ్చి పట్టుకెళ్తా."

ఇదంతా కిందటి ఆదివారం వదినగారింట్లో మొదలైంది. ఆవిడ కొత్త ఉంగరం వేలికి పెట్టుకుని, ఆ వేలితోనే అన్నీ చూపిస్తూ మాట్లాడింది. గోడ మీద గడియారాన్ని చూపించింది, కిటికీలోంచి ఎదురింటిని చూపించింది, చివరికి చెల్లెలి ఉంగరాన్ని చూపించింది. "నాది మీ బావగారు కొన్నది. భూమిలోంచి తవ్వి తీసిన కెంపు. నీది ఎప్పుడైనా చూపించుకున్నావటే? ఇంట్లోనే పరీక్షకుణ్ణి పెట్టుకుని!" అంది. "రెండూ చూపిద్దాం అక్కా, తేలిపోతుంది," అంది చెల్లెలు. ఆ మాటకు భూతద్దంగారి తోడల్లుడికి కాఫీ పొలమారింది. కాఫీ మరీ వేడిగా ఉందని అందరూ అనుకున్నారు.

భూతద్దంగారి గుండెలో మాత్రం రాయి పడింది. పడ్డ రాయి ఏ రకమో కూడా ఆయనకు తెలుసు.

భార్య ఉంగరాన్ని ఆయన పెళ్ళయిన మొదటి ఏడాది, ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నారు. ఆ తర్వాత ఏడేళ్ళకు కేంద్రానికి కొత్త మైక్రోస్కోపు వచ్చింది. దాని కింద మొట్టమొదట ఆ కెంపునే పెట్టి చూడాలని ఆయనకు ముచ్చట పుట్టింది. మెరుగు పెట్టించుకొస్తానని చెప్పి తీసుకెళ్ళి చూశారు. భూమిలో పుట్టిన కెంపులో సన్నటి సూదుల్లాంటి గీతలుంటాయి. ఇందులో గరిటెతో పెరుగు తిప్పినట్టు వంపు గీతలు కనిపించాయి. కొలిమిలో కరిగించి పెంచిన రాయికే అవి వస్తాయి. కెంపే, కాదనడానికి లేదు. కానీ ఫ్యాక్టరీలో ఒక పూటలో పుట్టిన కెంపు. ఆయన చాలాసేపు చూసి, మెరుగు పెట్టించుకుని ఇంటికొచ్చారు.

కేంద్రానికి వచ్చేవాళ్ళకు ఆయన ఈ తేడాని ఎప్పుడూ ఒకేలా చెబుతారు. "సహజం అంటే అడవిలో పులి. కృత్రిమం అంటే జూలో పుట్టిన పులి. అవే చారలు, అవే గోళ్ళు, అదే కోపం. అడవి ఒక్కటే చూడలేదు. నకిలీ అంటే పులి వేషం కట్టిన మనిషి. గాజన్నమాట. చారలు ఉంటాయిగానీ తడిస్తే కారిపోతాయి." ఇంత బాగా చెప్పగలిగిన మనిషి ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. ఆ ఉంగరం ఇస్తూ ఆయన భార్యతో "ఇది భూమి కడుపులో కోట్ల ఏళ్ళు మగ్గి, నీ కోసం పైకొచ్చింది" అని ఉన్నారు. నిజం తెలిసిన రోజునే చెప్పేద్దామనుకుంటే ఆ రోజు ఆవిడకు జలుబు. మర్నాడు చుట్టాలు. వారం ఆలస్యమైంది. వారం ఎందుకు ఆలస్యం చేశానో చెప్పడానికి సంజాయిషీ వెతుక్కుంటుంటే నెలైంది. అలా పదిహేనేళ్ళు గడిచాయి.

ఇప్పుడు ఆయన భయం రాయి గురించి కాదు. రాయి తప్పు అమ్మినవాడిది. పదిహేనేళ్ళ మౌనం మాత్రం అచ్చంగా తనదే. లోకంలో అందరి రాళ్ళకూ నిజం చెప్పిన మొగుడు తన ఒక్కదాని రాయికే చెప్పలేదని తెలిస్తే, ఆవిడ ఇక ఆయన మాట ఏది నమ్ముతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరక్కే ఆయన పథకం వేశారు. బంధువుల రాళ్ళను తాను పరీక్షించకూడదని కేంద్రంలో నియమం ఉంది. కొత్తగా వచ్చిన మేడమ్‌కి అప్పగించాలి. ఆవిడ దగ్గర ఇప్పటికే ఒక నగల దుకాణం తాలూకు ఇరవై రాళ్ళ ట్రే ఉంది. "వచ్చే వారం చూస్తా సార్" అంటుంది. ఆ ముక్క తెచ్చి భార్యకు చెప్పాలి. అబద్ధం ఆడినట్టూ ఉండదు, నిజం చెప్పినట్టూ ఉండదు.

కొత్త మేడమ్ ఆ కేంద్రంలో చేరి మూడు వారాలైంది. అంతకుముందు పదిహేనేళ్ళు రాళ్ళ బజారులో పనిచేసిన మనిషి. చెయ్యి చురుకు, మాట చురుకు, అన్నిటికన్నా సాయం చేయడంలో మహా చురుకు.

"ఇంటివాళ్ళవా సార్? ఇలా ఇచ్చేయండి. పావుగంట పని."

"తొందరేం లేదు మేడమ్. ముందు ఆ దుకాణం ట్రే ఉంది కదా మీకు. ఇవి వచ్చే వారం చూద్దురుగాని."

"భలేవారే! ఆ ట్రే మీరు చూసేయండి, మీ రెండూ నేను చూస్తా. పొట్లాల మీద అక్షరం వేసి పెట్టండి, సర్టిఫికెట్లన్నీ నేను టైపు కొట్టేస్తా. ఒంటిగంటకల్లా బల్ల ఖాళీ!"

మంచితనం మనిషిని ఇంత ఇరుకున పెడుతుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. నోరు మూసుకుని ట్రే ముందు కూర్చున్నారు.

కేంద్రంలో ఒక్కో రాయినీ నంబరు వేసిన చిన్న కాగితం పొట్లంలో పెడతారు. చూసినవాళ్ళు పొట్లం మూలన ఒక అక్షరం వేస్తారు, ఆ అక్షరాన్ని బట్టి సర్టిఫికెట్ తయారవుతుంది. భూతద్దంగారు ఇరవై రెండేళ్ళుగా ‘స’, ‘న’, ‘కృ’ అని వేస్తున్నారు. సహజం, నకిలీ, కృత్రిమం. ఇంత తేటగా ఉన్నదాన్ని ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదని ఆయన నమ్మకం. ఇన్నాళ్ళూ ఆయన పొట్లాలకు ఆయనే టైపు చేసుకునేవారు కాబట్టి ఆ నమ్మకానికి ఎప్పుడూ పరీక్ష జరగలేదు.

ట్రేలో ఇరవైలో పద్ధెనిమిది సహజమైనవే. ‘స’ వేశారు. రెండు మాత్రం పచ్చి గాజు ముక్కలు. పేరున్న దుకాణంలో ఇవేమిటా అనుకుంటూ ‘న’ వేశారు. పని పదకొండున్నరకే అయిపోయింది. మేడమ్ ఇంకా కంప్యూటర్ దగ్గరే ఉంది. మాత్రల డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉంది.

ఆయన చూడకుండా ఉండాల్సింది. కానీ కుక్కకు ఎముకా, ఆయనకు ఎర్ర రాయీ ఒకటే. మంగళవారం గది తెరిచి వదినగారి ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టారు. లోపల గుండ్రటి గాలి బుడగలు వరసగా కూర్చుని ఉన్నాయి. సోడా సీసాలో కూడా అన్ని ఉండవు. గాజు, సందేహమే లేదు. చెయ్యి తన అలవాటు ప్రకారం ఆ ఉంగరాన్ని ఇరవై ఒకటో పొట్లంలో పెట్టి ‘న’ అని రాసేసింది. అదే ఊపులో సోమవారాన్ని ఇరవై రెండో పొట్లంలో పెట్టి ‘కృ’ అని రాసింది. తాను ఏం చేశానో ఆయనకు అర్థమయ్యేలోపు మేడమ్ వచ్చి ట్రేతో సహా అన్నీ ఎత్తుకుంది.

"ఇవీ మీరే చూసేశారా సార్? మంచిది. మీ చెయ్యి పడ్డాక మళ్ళీ నేను చూడటమేంటి!"

"మేడమ్, రూలు ప్రకారం..."

"నేను సంతకం పెడతాలెండి, మీరూ పెడతారు, సరిపోతుంది," అని ఆవిడ వెళ్ళిపోయింది.

భూతద్దంగారు కుర్చీలో కూలబడ్డారు. ఒక్క సాయంత్రంలో అక్కచెల్లెళ్ళిద్దరి సంసారాల్లోనూ నిప్పు పెట్టబోతున్నారు, అదీ ముద్ర వేసిన కాగితంతో. తెల్ల కాగితం ఒకటి తీసుకుని "చూడు, నీకో సంగతి చెప్పాలి" అని రాసి కొట్టేశారు. "నువ్వు కోప్పడనంటే" అని రాసి కొట్టేశారు. "అసలు కెంపు అంటే ఏమిటి?" అని రాసి, అది బాగానే ఉందనిపించి, అక్కడినుంచి ముందుకు పోలేక ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే మేడమ్ ఇరవై రెండు సర్టిఫికెట్లు తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక్కటి కూడా చదవకుండా సంతకాలు పెట్టేశారు. ఏడాదికి ఒకటి చొప్పున లెక్క సరిపోయింది.

మూడు గంటలకు నగల దుకాణం యజమాని వచ్చాడు. వచ్చాడనడం కన్నా దిగాడనడం సబబు. చేతిలో ఇరవై సర్టిఫికెట్లు విసనకర్రలా విప్పి పట్టుకున్నాడు. కేకలకు గోడ మీద కొలతల పటం ఊగింది.

"మూడు తరాల దుకాణమయ్యా మాది! పద్ధెనిమిది రాళ్ళు ఫ్యాక్టరీ సరుకని రాస్తారా? మా తాతగారు గనుల దగ్గరికి నడిచి వెళ్ళి తెచ్చినవి ఇందులో ఉన్నాయి!"

"ఫ్యాక్టరీ సరుకా? నేను సహజం అని రాశానే!" అన్నారు భూతద్దంగారు.

"ఇదేంటి మరి? కృత్రిమం, కృత్రిమం, కృత్రిమం! కింద మీ సంతకమే కదా? అదొక ఎత్తయితే, ఇదింకో ఎత్తు. ఈ రెండూ సహజం అన్నారు. వాటిని నేనే కలిపానయ్యా! మీ పనితనం చూద్దామని మా మనవరాలి బొమ్మ కిరీటంలోంచి పీకి కలిపా!"

గొడవ విని డైరెక్టరుగారు తన గదిలోంచి బయటికి వచ్చారు. ఆయనకు రాళ్ళ గురించి తెలిసింది తక్కువ, గొడవల గురించి తెలిసింది ఎక్కువ. పొట్లాలు తెప్పించి బల్ల మీద పరిచారు. అన్నిటి మూలనా భూతద్దంగారి ముత్యాల్లాంటి చేతిరాత ఉంది.

"ఇదిగో చూడండి, ‘స’ అని రాసి ఉంది. మరి నేను రాసిందే కదా టైపు చెయ్యాలి మేడమ్?" అన్నారు భూతద్దంగారు.

"అదే చేశాను సార్. ‘స’ అంటే సింథటిక్."

"‘స’ అంటే సహజం!"

"సహజం ఏంటి సార్? సహజానికి ‘న’ కదా. నేచురల్. బజారంతా అలాగే రాస్తారు. నేను పదిహేనేళ్ళు అలాగే రాశా."

"‘న’ అంటే నకిలీ!"

"నకిలీకి ‘ఇ’ వేస్తాం సార్, ఇమిటేషన్."

డైరెక్టరుగారు పొట్లాల్లోంచి ఇరవై రెండోది ఏరి పట్టుకున్నారు. "మరి ఇంకో పొట్లం మీద ‘కృ’ అని ఉంది. అదైనా చూసి అనుమానం రాలేదా?" అని అడిగారు డైరెక్టరుగారు.

"వచ్చింది సార్. కానీ అది సార్ వాళ్ళావిడ గారిది. ఇంట్లోవాళ్ళది కాబట్టి కాస్త మర్యాదగా సంస్కృతంలో రాశారనుకున్నా."

డైరెక్టరుగారు తల పట్టుకుని, రేపటినుంచి ఎవరూ అక్షరాలు వేయకూడదనీ, పూర్తి మాట రాయాలనీ అక్కడికక్కడే ఆజ్ఞ జారీ చేశారు. దుకాణం యజమానికి కొత్త కాగితాలు ఇప్పించారు. బొమ్మ కిరీటం రాళ్ళకు కూడా ఒక్కోటి ఇచ్చారు, అడిగి మరీ తీసుకున్నాడు. అంతా సద్దుమణిగాక భూతద్దంగారికి హఠాత్తుగా ఇరవై ఒకటో పొట్లం గుర్తొచ్చింది. దాని మీద ‘న’ ఉంది.

"మేడమ్, మా వదినగారి ఉంగరం ఏది?"

"రెండింటికే మీ ఆవిడ వచ్చి తీసుకెళ్ళారు సార్. మీరు బల్ల మీద తల పెట్టుకుని ఉన్నారు, ప్రార్థన చేసుకుంటున్నారేమోనని లేపలేదు. ఉంగరాలూ, కాగితాలూ, మీ బీపీ బిళ్ళలూ అన్నీ జాగ్రత్తగా ఇచ్చేశా."

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. వదినగారి గాజు ముక్కకు సహజం అని సర్టిఫికెట్, భార్య కెంపుకు కృత్రిమం అని సర్టిఫికెట్. రెండింటి కిందా తన సంతకం. "బయటికి పోయిన తప్పు కాగితం అదొక్కటే. రేపటికల్లా వెనక్కి రావాలి," అన్నారు డైరెక్టరుగారు.

భూతద్దంగారు వదినగారింటికి చేరేసరికి ఆరున్నర దాటింది. మెట్లెక్కుతూ, కాగితాలున్న కవరు ఇంకా విప్పి ఉండరని ఆశపడ్డారు. తలుపు తీసేసరికి వదినగారి సర్టిఫికెట్ పళ్ళ గిన్నెకు ఆనించి బల్ల మధ్యలో నిలబెట్టి ఉంది. పక్కనే దాన్ని బిగించడానికి వదినగారు ఫోటో ఫ్రేము ఖాళీ చేస్తోంది. అందులో అప్పటిదాకా ఉన్నది తోడల్లుడి ఫోటో. సోఫా చివర ఆయన భార్య తలొంచుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో తన కాగితం. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు చిన్నగా కదులుతున్నాయి.

ఏడుస్తోంది. భూతద్దంగారు చెప్పులు విప్పడం మరిచి లోపలికి వచ్చేశారు. పదిహేనేళ్ళుగా తాను భయపడిన దృశ్యం ఇదే, ఇలాగే ఉంటుందనుకున్నారు కూడా.

"రండి మరిదిగారూ!" అంది వదినగారు. "మీ సంతకం ఎంత బాగుందో! పాపం, చెల్లిదే అలా అయింది. పోన్లే, అందరికీ అన్నీ రాసిపెట్టి ఉండాలి కదా."

"వదినా, ఆ కాగితం తప్పు," అన్నారాయన. "టైపులో పొరపాటు జరిగింది. మీది కెంపు కాదు. గాజు."

ఫ్రేము ఖాళీ చేస్తున్న చెయ్యి ఆగింది. "ఏమన్నారు?"

"గాజు. లోపల బుడగలున్నాయి. నేనే చూశాను."

"మీరే చూశారు, మీరే సంతకం పెట్టారు, ఇప్పుడు మీరే గాజంటున్నారు. చెల్లిది కృత్రిమమని తేలేసరికి నాది గాజైపోయిందా? ఇంట్లో తిట్లు పడతాయని ఇంతకి దిగజారతారా మరిదిగారూ? మిమ్మల్ని నిజాయితీపరుడని పదిమందికి చెప్పుకున్నాను!"

సోఫా చివర భుజాలు ఇంకా గట్టిగా కదిలాయి. రాయి గురించి భూతద్దంగారు నిజం చెబితే ఎవరూ నమ్మకపోవడం జీవితంలో ఇదే మొదటిసారి. ఎదురుగా కాగితం ఉంది, దాని మీద ఆయన సంతకం ఉంది, మనిషి మాట దాని ముందు ఎందుకు చెల్లుతుంది? ఆయన నోరు తెరిచేలోపు తోడల్లుడు చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయి తలుపు వేశాడు. వేసి, ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"తమ్ముడూ! నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను."

"అదేంటన్నయ్యా?"

"అది గాజేనయ్యా! నాకు తెలుసు, తెలిసే కొన్నా. అసలుది నా వల్ల కాలేదు. అప్పటికే మీ వదిన అందరికీ కెంపు కెంపని చెప్పేసింది. ఆదివారం నుంచి నాకు కంటి మీద కునుకు లేదనుకో. ఇవాళ ఆ కవరు విప్పుతుంటే నా ప్రాణాలు గోడ గడియారంలోకి పోయాయి. తీరా చూస్తే సహజం! ఎంత నిప్పులాంటి మనిషివి, నా పరువు కోసం ఇంత అబద్ధం రాశావు!"

"నేను అబద్ధం రాయలేదు," అన్నారు భూతద్దంగారు. "అది పొరపాటు."

"అంతే, అంతే. ఎవరడిగినా పొరపాటనే చెబుదాం," అని తోడల్లుడు కన్ను కొట్టాడు.

"నిజంగా పొరపాటన్నయ్యా. రేపు సరైన కాగితం పంపుతాం, ఇది వెనక్కి తీసుకుంటాం."

తోడల్లుడు కౌగిలి వదిలేశాడు. "పంపించుకో. కానీ నేను తెలిసి కొన్నానని మాత్రం చెప్పకు. కొట్టువాడు మోసం చేశాడందాం. ఆ మాత్రం సాయం చెయ్యి," అని బాల్కనీలోని పూలకుండీకి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. కుండీలో ఉన్నది ప్లాస్టిక్ మొక్క.

భార్యాభర్తలిద్దరూ బస్సు కోసం బస్టాపులో కూర్చున్నారు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఆవిడ ఒళ్ళో చేతిసంచి, సంచిలో మాత్రల డబ్బా. భూతద్దంగారు మూడు బస్సులు వదిలేశాక నోరు విప్పారు.

"నీకో సంగతి చెప్పాలి."

"చెప్పండి."

"నీ కెంపు కృత్రిమం."

"కాగితం చదివానుగా."

"అది కాదు. నాకు పదిహేనేళ్ళ కిందటే తెలుసు. కొత్త మైక్రోస్కోపు వచ్చినప్పుడు చూశాను. నీకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు కూడా ఆ సర్టిఫికెట్ రాకపోతే చెప్పేవాణ్ణి కాదేమో."

అనేసి ఆయన కళ్ళు మూసుకున్నారు. ఏడుపు వినిపిస్తుందనుకున్నారు, కేక వినిపిస్తుందనుకున్నారు. ఆవిడ గొంతులో వినిపించింది ఆశ్చర్యం.

"పదిహేనేళ్ళ కిందట తెలిసిందా? అంతకుముందు మీకు తెలియదా?"

"అంటే?"

"కొన్నప్పుడు మీ పక్కనే ఉన్నాగా. మీరు చిల్లర కోసం బయటికెళ్ళినప్పుడు కొట్టాయన నాతో అన్నాడు. ‘అమ్మా, ఇది సింథటిక్, కానీ రాయి మేలైంది, బిల్లు మీద కూడా రాస్తున్నా’ అని. రాళ్ళాఫీసులో చేరిన మనిషి, మీకు తెలియదని నేనెలా అనుకుంటా?" అంటూ ఆవిడ చేతిసంచిలోంచి మడతలు పడ్డ పాత బిల్లు తీసింది. "అక్క మరీ రెచ్చిపోతే చూపిద్దామని తెచ్చా."

భూతద్దంగారు వీధి దీపం వెలుగులో బిల్లు చూశారు. ‘ఎర్ర రాయి ఉంగరం 1’ అని ఉంది. దాని పక్కన కొట్టాయన చేతిరాతతో ఒక్క అక్షరం ఉంది. స.

ఆయనకు అంతా గుర్తొచ్చింది. ఈ బిల్లు చూసే ఆయన ‘స’ అంటే సహజం అనుకున్నారు. కేంద్రంలో పొట్లాల మీద అక్షరాలు వేసే పద్ధతిని ఈ బిల్లు చూసే మొదలుపెట్టారు. ఏమీ దాచకుండా రాసిచ్చిన కొట్టాయన్ని పదిహేనేళ్ళు మనసులో దొంగ అని తిట్టుకున్నారు. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే, గుండెలోంచి రాయి తీసేసినంత హాయిగా కూడా అనిపించింది.

"మరి నేను భూమి కడుపు, కోట్ల ఏళ్ళు అని ఏవేవో చెప్పానే?"

"కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఏవేవో అంటారు. నిలదీస్తామా?"

"ఇందాక ఏడ్చావుగా?"

"ఏడవడమా! కాగితం కోసం అక్క బావగారి ఫోటో పీకేస్తుంటేనే నవ్వొచ్చింది. ఇక మీరు గాజు, బుడగలు అంటుంటే ఆయన మొహం చూసి నవ్వాపుకోలేక చచ్చాను. కొంగు సగం నోట్లో కుక్కుకున్నా."

"తెలిసి కూడా ఈ కాగితాల గోల ఎందుకు పెట్టావు?"

"నాది జూ పులని నాకు తెలుసు. అక్కది అసలు పులేనా అని చూద్దామని." ఆవిడ ఉంగరాన్ని వేలి మీద తిప్పుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "అయితే ఆ రోజు మీరు నిజంగా అసలుదే అనుకుని కొన్నారన్నమాట."

"అవును."

"నాకు అసలుదే ఇవ్వాలనుకున్నారన్నమాట."

"అవునే."

"ఇన్నేళ్ళూ నేను, పాపం తక్కువలో కొన్నానని మొహమాటపడుతున్నారు, ఆ మాట ఎత్తి బాధపెట్టకూడదు అనుకున్నా." ఆవిడ కళ్ళు ఇప్పుడు నిజంగానే తడిశాయి, కానీ నవ్వుతోంది. ఆయన జేబులోంచి పెన్ను లాక్కుని, బిల్లును ఒళ్ళో పరుచుకుని, ఆ ‘స’ పక్కన ఇంకో అక్షరం చేర్చి ఆయన చేతికిచ్చింది. ‘సరే’ అని ఉంది. భూతద్దంగారు ఆ మాటను భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. నాలుగో బస్సు కూడా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కేంద్రం నుంచి వదినగారికి ఆఫీసు కవరులో సవరించిన సర్టిఫికెట్ వెళ్ళింది. కొత్త ఆజ్ఞ ప్రకారం ‘గాజు, అనుకరణ రాయి’ అని పూర్తి మాటల్లో ఉంది. మేడమ్ టైపు చేసింది, భూతద్దంగారు మూడుసార్లు చదివి సంతకం పెట్టారు. వదినగారు కిటికీ వెలుగులో రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, సంతకాలు సరిపోల్చి, మొదటిదాన్ని ఫ్రేములో బిగించింది. రెండోది మధ్యాహ్నానికి అదే కవరులో కేంద్రానికి తిరిగొచ్చింది. దాని మూలన ఆవిడ ఎర్ర సిరాతో, ఎవరూ పొరపడే వీలు లేకుండా, పూర్తి మాటే రాసింది: నకిలీ.